జూన్ 12 నుంచి ఒంటిపూట బడుల దాకా: మన బడిలో క్లబ్బులు

(దేవరకొండ దిక్కు ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం గరగరమంటోంది, వెనక కూర్చున్న సార్లకు, మేడంలకు వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు పక్కన పెట్టి మాట్లాడతాను, బడి గొంతు మనకేం కొత్త కాదు. నాకిచ్చిన కాగితం మీద 'సహపాఠ్య కార్యక్రమాలలో క్లబ్బుల పాత్ర' అని రాసి ఉంది. ఆ మాట చదివితేనే మధ్యాహ్న భోజనం తర్వాత నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నా. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల గురించే మాట్లాడతాను. తొమ్మిదికి వచ్చేసరికి పది టెన్షన్ మొదలవుతుంది, పదికి వస్తే పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, ఇక వాళ్లను క్లబ్బుకు రమ్మంటే వాళ్ల అమ్మానాన్నల కంటే ముందు మన తోటి సార్లే మన మీదికి వస్తారు. ఈ మూడు తరగతులే మన చేతిలో ఉన్నాయి.

క్లబ్బులకు మన దగ్గర కొదవ ఉందా అంటే లేదు. జాతీయ హరిత దళం కింద ఈకో క్లబ్బులు 2001-02 నుంచి ఉన్నాయి. 2015 జూలైలో అబ్దుల్ కలాం గారు రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌ను ప్రారంభించినప్పటి నుంచి సైన్స్ క్లబ్, మ్యాథ్స్ క్లబ్ పెట్టమని చెబుతూనే ఉన్నారు. ఇవి కాక తెలుగు సంఘం, లైబ్రరీ కమిటీ, ఆటల కమిటీ, ఇంకా ఆ సంవత్సరం పైనుంచి ఏ సర్క్యులర్ వస్తే అది. హెడ్మాస్టర్ గారి బీరువా తెరిస్తే రిజిస్టర్లు వరసగా ఉంటాయి, ఒక్కో క్లబ్బుకు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. కోశంలో ఏమీ ఉండదు గానీ కోశాధికారి మాత్రం ఉంటాడు. (నవ్వులు)

మన క్లబ్బులన్నీ దినోత్సవాల మీద నడుస్తాయి, అదీ ఇబ్బంది. సెప్టెంబర్ 16 ఓజోన్ దినం, డిసెంబర్ 22 గణిత దినోత్సవం, ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం. ఆ పొద్దున ప్రార్థనలో ఒక పిల్ల ఉపన్యాసం చదువుతుంది, ఒక చార్టు పట్టుకుని అందరూ నిలబడతారు, ఫోటో దిగి వాట్సాప్ గ్రూపులో పెడతాం, కింద నాలుగు బొటనవేళ్లు వస్తాయి, అయిపోయింది. మళ్లీ ఆ క్లబ్ వచ్చే ఏడాది అదే తేదీకి లేస్తుంది. ఇంకో తమాషా చూడండి, ఈకో క్లబ్బుకు అన్నిటికంటే పెద్ద పండుగ జూన్ 5, మన బడి తెరిచేది జూన్ 12. పర్యావరణ దినోత్సవం నాడు మన ఈకో క్లబ్ పిల్లలందరూ మేనమామల ఊళ్లలో మామిడిపండ్లు తింటూ ఉంటారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. క్లబ్బును ఢిల్లీ క్యాలెండర్ మీద కాకుండా మన ఊరి క్యాలెండర్ మీద నడపండి. వాన ఎప్పుడు పడుతుంది, పత్తి ఎప్పుడు ఏరుతారు, తండాలో తీజ్ ఎప్పుడు, బతుకమ్మ ఎప్పుడు, సగం మంది పిల్లలు బడికి ఎప్పుడు రారు, ఒంటిపూట బడి ఎప్పుడు మొదలవుతుంది, వీటి చుట్టూ పని పెట్టుకోండి. ఒక క్లబ్బుకు ఏడాదికి ఒక్క పని చాలు, కానీ అది ఏడాదంతా నడవాలి, ఒక నోటుబుక్కులో పిల్లల చేతిరాతతో ఉండాలి.

జూన్ నుంచి మొదలుపెడదాం. జూన్‌లో మనకు బడిబాట, అంటే ఇల్లిల్లూ తిరిగి పిల్లలను బడిలో చేర్పించడం, పుస్తకాలు పంచడం, యూనిఫాం కొలతలు, ఊపిరాడదు. ఆ నెలలో క్లబ్ పెట్టాలని తొందరపడొద్దు. చాలా బడుల్లో ఏం చేస్తారంటే హాజరుపట్టీ తీసుకుని ఒకటి నుంచి పది దాకా ఈకో క్లబ్, పదకొండు నుంచి ఇరవై దాకా సైన్స్ క్లబ్ అని గీత గీసేస్తారు. అట్లా చేస్తే లెక్కలంటే పారిపోయే పిల్లవాడు మ్యాథ్స్ క్లబ్బులో పడతాడు, చెట్టెక్కి కాకిగూడు చూసి వచ్చేవాడు తెలుగు సంఘంలో పడి పద్యాలు బట్టీ పడుతూ ఉంటాడు. జూలైలో రెండు మూడు శనివారాలు అన్ని క్లబ్బుల్లోకి తిరగనివ్వండి, ఆ తర్వాత వాళ్లనే ఎంచుకోమనండి. కొందరు దోస్తు ఎటు పోతే అటే పోతారు. పోనివ్వండి, దానికేం నష్టం లేదు.

జూలైలో మొక్కలు నాటుతాం. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి ప్రతి ఏడూ నాటుతూనే ఉన్నాం, పేరు మారినా గుంతలు మాత్రం అవే. చాలాచోట్ల పోయినేడు తవ్విన గుంతలోనే ఈ ఏడు మొక్క పెడతారు, ఎందుకంటే పోయినేటి మొక్క లేదు కాబట్టి. ఈకో క్లబ్ పిల్లలకు నాటే పని కంటే లెక్కపెట్టే పని అప్పగించండి. ఏ మొక్క, ఎక్కడ, ఎవరు నీళ్లు పోస్తున్నారు, దసరా తర్వాత ఎన్ని బతికాయి, ఏప్రిల్‌లో ఎన్ని బతికాయి, పోయినవి ఎందుకు పోయాయి. మేక తిన్నదా, నీళ్లు లేకనా, క్రికెట్ బంతి తగిలి విరిగిందా. ఆ కారణాల పట్టిక చూస్తే వచ్చే ఏడాది కంచెకు డబ్బులు పెట్టాలా, బకెట్లకు పెట్టాలా అన్నది హెడ్మాస్టర్‌కు తెలుస్తుంది. గ్రాంటు వచ్చేసరికి ఎట్లాగూ చలికాలం దాటుతుంది, అది వేరే సంగతి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని వాన కొలవడం. పాలమూరు, దేవరకొండ మనుషులం, వాన మాట లేకుండా మనకు రోజు గడవదు, కానీ మొన్న ఎంత పడింది అంటే 'బాగా పడింది', 'నేల తడిసింది', 'దుక్కి తడిసేంత పడింది' అంటాం. సైన్స్ క్లబ్బుకు ఒక తిన్నటి గోడల డబ్బా, ఒక స్కేలు చాలు. డబ్బా అడుగు సమంగా ఉండాలి. కూల్‌డ్రింక్ సీసా కోస్తే అడుగు గుంతలు గుంతలుగా ఉంటుంది, అందులో కొన్ని గులకరాళ్లు వేసి ఒక గీత దాకా నీళ్లు పోసి, ఆ గీతను సున్నాగా పెట్టుకోవాలి. కోసిన పైభాగాన్ని తలకిందులుగా గరాటులా పెడితే నీళ్లు అంతగా ఆవిరి కావు. చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టాలి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి, ఎందుకంటే వాతావరణ శాఖ వాళ్ల వాన రోజు ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. బడి పక్కనే ఇల్లున్న పిల్లలకు ఆ పని ఇస్తే వాళ్లకు అదో హోదా.

ఇక్కడ పిల్లలు తప్పకుండా ఒక గొడవ పెట్టుకుంటారు. పెద్ద మూతి డబ్బాలో ఎక్కువ వాన పడుతుంది కదా సార్, మన డబ్బా చిన్నది, మనం తక్కువ రాస్తున్నాం అంటారు. మీరు వెంటనే జవాబు చెప్పారో, క్లబ్ ఆ రోజుతో అయిపోయినట్టే. పెద్ద డబ్బా ఒకటి, చిన్నది ఒకటి పక్కపక్కన పెట్టమనండి. వాన వచ్చేదాకా వారం పది రోజులు ఎదురుచూస్తారు, ఆకాశం వంక రైతుల కంటే ఎక్కువగా చూస్తారు. వాన పడ్డాక పెద్దదానిలో నీళ్లు ఎక్కువ, చిన్నదానిలో తక్కువ ఉంటాయి గానీ ఎత్తు మాత్రం ఒక్కటే వస్తుంది. ఆ రోజు పిల్లల ముఖాలు చూడాలి. వాళ్లలో సగం మందికి ఘనపరిమాణం అన్న పాఠం అప్పుడే అర్థమవుతుంది, మనం బోర్డు మీద ఎంత గీసినా కానిది.

రెండున్నర మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. ఈ మాట చెప్పండి, ఇక 'ఈ నెలలో ఎన్ని వాన రోజులు' అని వాళ్లే లెక్క తీస్తారు. ఆ తర్వాత మ్యాథ్స్ క్లబ్బును కలపండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. గది కప్పు ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు అనుకుంటే 48 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 1,200 లీటర్లు ఆ ఒక్క గది మీదే పడ్డట్టు. ఈ లెక్క చేసిన పిల్లలు ఊరికే ఉండరు, మరి ఆ నీళ్లన్నీ ఎటు పోతున్నాయి సార్ అని అడుగుతారు. ఎటు పోతున్నాయో మనకు తెలుసు, బాత్రూముల వెనక బురదలోకి పోతున్నాయి. ఆ ప్రశ్నకు మీరు సిద్ధంగా ఉండండి, గ్రామ పంచాయతీకి ఉత్తరం రాద్దామంటే తెలుగు సంఘానికి కూడా పని దొరుకుతుంది.

ఆగస్టు మొదటి వారంలో మన దిక్కు నీడ లేని మధ్యాహ్నం వస్తుంది. సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిటారుగా పాతిన కర్రకు నీడ పడదు. ఏడాదిలో రెండుసార్లు వస్తుంది, మొదటిది మేలో, అప్పుడు సెలవులు. రెండోది ఆగస్టులో, అప్పుడు మబ్బులు. ఏం చేస్తాం, మన అదృష్టం. అయినా నాలుగైదు రోజుల ముందు నుంచే కర్ర పాతి మధ్యాహ్నం నీడ కొలుస్తూ పోతే ఎండ వచ్చిన రోజు ఎంతో కొంత దొరుకుతుంది. పిల్లలు 12 గంటలకు చూస్తారు, నీడ ఉంటుంది, పెదవి విరుస్తారు. మనకు నడి మధ్యాహ్నం 12కు రాదు కదా, దేశం మొత్తానికి గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, మనం దానికి పడమర ఉన్నాం. మహబూబ్‌నగర్‌లో ఆ రోజుల్లో దాదాపు 12 గంటల 24 నిమిషాలకు, నల్గొండలో అంతకు ఐదు నిమిషాల ముందు. మహబూబ్‌నగర్ బడి పిల్లలు, నల్గొండ బడి పిల్లలు ఒకరికొకరు ఫోన్ చేసి, నీడ అన్నిటికంటే చిన్నగా అయిన టైం ఇద్దరూ రాసుకుంటే భూమి తిరగడం అన్నది పుస్తకంలోంచి బయటికి వచ్చి ఫోన్‌లో మాట్లాడుతుంది. ఆగస్టు 23 అంతరిక్ష దినోత్సవం చేసుకోండి, వద్దనను, కానీ ఈ కర్ర పాతిన తర్వాత చేసుకోండి.

అదే రోజుల్లో తండాల్లో తీజ్. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. మన సైన్స్ పాఠంలో విత్తనం మొలకెత్తడం ఉంటుంది, దానికి మనం బజారులో పెసలు కొని దూదిలో పెట్టి చూపిస్తాం. పక్కనే తొమ్మిది రోజుల ప్రయోగం నడుస్తుంటే! తండా పిల్లలు ఆ రోజుల్లో బడికి ఆలస్యంగా వస్తారని తిట్టేవాళ్లను చూశాను. తిట్టొద్దు, రోజూ మొలక ఎత్తు రాసుకు రమ్మనండి. పూజ బుట్టను బడికి తెమ్మనొద్దు, అది వాళ్ల భక్తి. ఇంటి దగ్గర వేరే చిప్పలో నాలుగు గింజలు వేసి కొలుచుకోమంటే చాలు. నాకు తెలిసి తరగతిలో నోరు మెదపని తండా ఆడపిల్లలు ఈ పనిలో మిగతావాళ్లకు చెప్పే స్థాయికి వస్తారు. తెలుగు సంఘం వాళ్లు ఆ పాటల్లో మాటలు, వంట సామాను పేర్లు, పశువుల పేర్లు లంబాడీలో ఏమంటారో రాసి పెడితే, తెలుగు మాత్రమే వచ్చిన పిల్లలు మొదటిసారి తాము నేర్చుకునే వైపు కూర్చుంటారు.

ఇక ఫ్లోరైడ్ సంగతి. నల్గొండ జిల్లాలో సైన్స్ క్లబ్ పెట్టి ఫ్లోరైడ్ మాట ఎత్తకపోతే అది క్లబ్బే కాదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఇబ్బంది, ఒకటి లోపే ఉంటే మంచిదని మన దేశ ప్రమాణం. నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తేర్చే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ప్రపంచంలో ఎక్కడో ఆఫ్రికాలో కూడా ఈ పేరుతో చదువుకుంటారు, మన ఆరో తరగతి పిల్లలకు మాత్రం తెలియదు. ఇప్పుడు మిషన్ భగీరథ మంచినీటి పైపుల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, చాలా ఇళ్లలో ఇరవై లీటర్ల క్యాన్ కొంటారు, అయినా పొలం కాడ దప్పికయితే బోరు నీళ్లే తాగుతారు. కాబట్టి ఏ బోరులో ఎంత ఉందో తెలుసుకోవడం ఇప్పటికీ పనికొచ్చే పనే. రంగు చూసి పోల్చే కిట్లు ఉంటాయి, నీటి సరఫరా ఇంజనీర్లను అడిగితే వాళ్ల మనిషి వచ్చి పిల్లల ముందు పరీక్ష చేసి చూపిస్తాడు. రసాయనం పిల్లల చేతికి ఇవ్వొద్దు.

రెండు జాగ్రత్తలు, ఇవి గట్టిగా చెప్తున్నా. ఒకటి, పిల్లలు చేసిన పరీక్ష చూసి 'ఈ నీళ్లు తాగొచ్చు' అని గోడ మీద రాయొద్దు. కిట్ చెప్పేది అంచనా, ఎక్కువ కనపడితే ల్యాబుకు పంపాలి, ఫ్లోరైడ్ ఒక్కటే చూసి నీళ్లు మంచివని అనలేం. రెండోది, పళ్లు గారబట్టిన పిల్లలను నిలబెట్టి 'చూడండి ఇదీ ఫ్లోరోసిస్' అని చూపించొద్దు. ఆ పిల్ల మళ్లీ నోరు తెరిచి నవ్వదు. ఎవరో అధికారి వచ్చినప్పుడు ఒక బడిలో అట్లా చేయడం నేను చూశాను, పేరు అనవసరం. బోర్ల మ్యాప్ గీయండి, పళ్ల ఫోటోలు వద్దు.

దసరా ముందు ఇంకో రెండు వారాలు మంచి రోజులు. సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. తెలుగు సంఘం గోడపత్రిక మొదటి సంచికను ఆ రోజుకు పెట్టుకోవచ్చు. గోడపత్రిక అంటే డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు, గమ్ము, వరండాలో ఒక గోడ, ఇంతే ఖర్చు. పత్రికంటే మనకు కొత్తా చెప్పండి? నల్గొండ నుంచి 1922లోనే నీలగిరి పత్రిక వచ్చింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే 1934లో 354 మంది కవుల రచనలు ఏరి కూర్చి చూపించారు. నాకు ఆ కథలో నచ్చేది ఆయన కోపంగా వ్యాసం రాసి ఊరుకోకుండా ఊరూరికీ ఉత్తరాలు రాసి పోగేయడం. మన పిల్లలు కూడా పోగేయాలి. 'వర్షాకాలం' అని వ్యాసం రాయమంటే గైడు చూసి రాస్తారు. మీ వాడలో అందరికంటే పెద్దామె చిన్నప్పుడు బడికి ఎందుకు పోలేదో అడిగి రాయమంటే గైడులో దొరకదు. ఆ రాతల్లో ఒత్తులు తప్పుంటాయి, పేరాలు ఉండవు, వరండాలో నిలబడి చదివే జనం మాత్రం ఉంటారు, వంట చేసే అక్కలతో సహా. ఒక మాట, తప్పులు ఎర్రసిరాతో దిద్ది గోడకు అంటించొద్దు. ముందే కూర్చోబెట్టి దిద్దించి మళ్లీ రాయించండి.

బతుకమ్మకు ఈకో క్లబ్ పువ్వుల పట్టిక వేస్తుంది. తంగేడు, గునుగు, కట్ల, బంతి, ఏది ఎక్కడ దొరికింది, పోయినేటి కంటే ఎంత దూరం పోవాల్సి వచ్చింది. తంగేడు మన రాష్ట్ర పుష్పం, కానీ ఇప్పుడు వెంచర్లు పడ్డ ఊళ్లలో తంగేడు కోసం బండి మీద పోతున్నారు. ఈ సంగతి మనం చెబితే ఉపన్యాసం, పిల్లలు అమ్మనూ నాయినమ్మనూ అడిగి 'మీ చిన్నప్పుడు ఎక్కడ కోసేది' అని రాసుకొస్తే అది సర్వే. దసరా నాడు పాలపిట్ట చూశావా అని కూడా రాయమనండి, ఎక్కడ, ఎన్ని గంటలకు అని. చూడలేదు అన్న జవాబు కూడా జవాబే.

దసరా సెలవులు అయ్యాక అసలు పరీక్ష మనకు. పత్తి ఏరే రోజులు. అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా ఎన్ని బెంచీలు ఖాళీగా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. గద్వాల దిక్కు అయితే అంతకు ముందే, ఆగస్టు సెప్టెంబరుల్లో సీడ్ పత్తి క్రాసింగ్ పనికి, అంటే విత్తనం కోసం పువ్వులను చేత్తో పరాగసంపర్కం చేసే పనికి పోతారు. పాలమూరు తండాల నుంచి తల్లిదండ్రులు పని వెతుక్కుంటూ పోతే పిల్లలు వాళ్లతో పోతారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను కూలికి పెట్టడం చట్టం ఒప్పుకోదు, వాళ్లను తిరిగి తేవడం మన బాధ్యత, అందులో రాజీ లేదు. అయితే ఈ నెలల్లో క్లబ్ ఏం చేయాలి? చాలామంది ఈ కాలంలో క్లబ్బులు ఆపేస్తారు, పిల్లలే లేరు కదా అని. నా లెక్క ప్రకారం ఇప్పుడే గట్టిగా నడపాలి, ఎందుకంటే వారానికి ఒక్కరోజు వచ్చే పిల్లవాడిని బడికి కట్టి ఉంచేది వెనకబడిపోయిన పాఠం కాదు, తాను బడి ఏడాది మొదటి నుంచి రాస్తున్న నోటుబుక్కు.

మ్యాథ్స్ క్లబ్ ఈ కాలంలో పత్తి లెక్కలు చేయాలి. పుస్తకంలో శాతాలకు దుకాణదారు, లాభం, నష్టం అని ఉంటాయి. మన పిల్లల ఇళ్లలో తక్‌పట్టీలు, అంటే పంట అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీలు ఉంటాయి. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర తేమ 8 శాతం ఉంటేనే. తేమ 12 దాకా ఉంటే సీసీఐ, అంటే కేంద్రం వాళ్ల పత్తి కొనుగోలు సంస్థ, తీసుకుంటుంది, కానీ ఎక్కువైన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత, అంటే 81 రూపాయల 10 పైసలు. 12 శాతం తేమ ఉంటే క్వింటాలుకు చేతికి వచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే తీసుకోరు, ఇక బయట వ్యాపారి చెప్పిందే ధర. ఏడో తరగతి పిల్ల ఈ లెక్క చేసి ఇంటికి పోయి, 'నాయినా, ఇంకో రెండు రోజులు ఎండబెడితే పది క్వింటాళ్లకు ఇంత మిగులుతుంది' అని చెప్తే ఆ నాన్న మరుసటి రోజు బడికి వచ్చి ఏ సారు చెప్పాడని అడుగుతాడు. ఎండబెడితే బరువు కూడా తగ్గుతుంది కదా, మరి లాభమా నష్టమా? అదే వచ్చే శనివారం లెక్క. జవాబు నేను చెప్పను, మీరూ వేసి చూడండి. (ఎవరో జవాబు చెప్పబోయారు, నవ్వులు) పక్కింటివాళ్ల తక్‌పట్టీ మాత్రం బోర్డు మీద పెట్టొద్దు, అప్పుల సంగతులు బయటపడతాయి. అంకెలు మార్చి వాడుకోండి.

ఆటల గురించి పెద్దగా చెప్పను, పీఈటీ సార్లు నాకంటే బాగా చెప్తారు. ఒక్కటే, గ్రౌండును టైంటేబుల్ ప్రకారం ఆడపిల్లలకు వారంలో రెండు రోజులు పూర్తిగా ఇవ్వండి. ఇవ్వకపోతే వాళ్లు అంచున నిలబడి చప్పట్లు కొట్టే క్లబ్ అవుతారు.

డిసెంబరు, జనవరిలో ఒక్క యాత్ర. హైదరాబాద్ జూకు బస్సు మాట్లాడేకంటే నల్గొండ పక్కనే పానగల్ ఉంది. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? ఆగస్టులో కర్ర నీడ కొలిచిన పిల్లలకు ఈ ప్రశ్న పిచ్చెక్కిస్తుంది. గుడిలో వివరించకండి. బడికి వచ్చాక అట్టపెట్టె, నాలుగు అగరబత్తి గొట్టాలు, రెండు టార్చిలైట్లు ఇవ్వండి. నేరుగా పడే ఎండ కాకుండా స్తంభాల సందుల్లోంచి రెండు మూడు వైపుల నుంచి వచ్చే వెలుగు కలిస్తే నీడ ఎట్లా నిలబడుతుందో వాళ్లే పట్టుకుంటారు, కొన్ని వారాలు పడుతుంది. మహబూబ్‌నగర్ వాళ్లకు పిల్లలమర్రి ఉంది. దాదాపు ఏడు వందల ఏళ్ల చెట్టుగా చెప్పుకునే ఆ మర్రికి చెద పడితే 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలతో చుక్కచుక్కగా మందు ఎక్కించారు. దాని గురించి చెప్పి, ఊడలు పట్టుకుని ఊగొద్దంటే ఎందుకో పిల్లలకు వెంటనే తెలుస్తుంది. యాత్రకు తల్లిదండ్రుల సంతకాలు, ఒక మేడం తప్పనిసరి, తిండి నీళ్లు, ఇవన్నీ మీకు తెలిసినవే.

ఫిబ్రవరిలో పక్షుల లెక్క ఒక వారం, పొద్దున అరగంట, బడి ఆవరణలోనే. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం వస్తుంది, అప్పటికి మీ దగ్గర వాన పుస్తకం, నీడ పుస్తకం, బోర్ల మ్యాప్, పువ్వుల పట్టిక, పత్తి లెక్కలు ఉంటాయి కాబట్టి థర్మాకోల్ అగ్నిపర్వతం కొనాల్సిన పని లేదు. కేంద్రం వాళ్ల ఇన్‌స్పైర్ మానక్ సైన్స్ అవార్డులకు పిల్లల ఆలోచనలు పంపమంటారు కదా, ఎంపికైతే పదివేలు వస్తాయి, మనం ప్రతి ఏడూ చివరి రోజు రాత్రి యూట్యూబ్ వెతికి ఏదో ఒకటి పంపుతాం. ఈ పుస్తకాలు తిరగేయండి, ఆలోచనలు వాటిలోనే ఉంటాయి. తేమ కొలిచే సులువైన పరికరం కావాలని పత్తి లెక్కలు చేసిన పిల్ల అనకుండా ఎవరంటారు?

మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు, గదులన్నీ పదో తరగతి పరీక్షలకు పోతాయి, ఇక క్లబ్ సమావేశాలు కావు. అప్పుడు చేయాల్సింది అప్పగింత. ఎనిమిదో తరగతి పిల్లలు నోటుబుక్కును ఏడో తరగతికి ఇచ్చి, ఏది ఎట్లా కొలవాలో పక్కన కూర్చుని చూపించాలి. సారు బదిలీ అయితే క్లబ్ పోతుంది అంటారు, ప్రమోషన్లు, బదిలీలు అయిన ఏడాది మనందరం చూశాం. పుస్తకం పిల్లల చేతిలో ఉంటే కొత్త సారుకు వాళ్లే చెప్తారు.

ప్రశ్నలు ఉన్నాయన్నారు కదా, అడగండి.

ఆ మేడం అడిగింది మంచి ప్రశ్న, ఇద్దరే టీచర్లున్న యూపీఎస్‌లో, అంటే ప్రాథమికోన్నత పాఠశాలలో, ఇవన్నీ ఎట్లా అని. అన్నీ వద్దు మేడం. ఒక్క క్లబ్ పెట్టండి, దానికి పేరు కూడా అక్కర్లేదు, వాన డబ్బా ఒకటి పెట్టండి. ఆరు, ఏడు, ఎనిమిది కలిపి కూర్చోబెట్టవచ్చు, పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చూపిస్తారు. నాలుగో శనివారం బ్యాగు లేని రోజు ఎట్లాగూ ఉంది కదా, అది వాడుకోండి.

సార్, మీరడిగింది మార్కుల గురించి. సహపాఠ్యానికి గ్రేడు ఎట్లాగూ వేస్తున్నాం, మీరు హాజరు చూసి వేస్తున్నారా, నోటుబుక్కు చూసి వేస్తున్నారా అన్నదే తేడా. నేనైతే పత్తికి పోయి రెండు నెలలు రాని పిల్లకు, చేను దగ్గర తేమ ఎక్కువున్న పొద్దున ఏరితే ఎంత, మధ్యాహ్నం ఏరితే ఎంత అని నాలుగు లైన్లు రాసుకొస్తే, ఏ గ్రేడే వేస్తాను. ఆడిట్‌కు వచ్చినవాళ్లు అడిగితే పుస్తకం చూపించండి.

పోషకుల వైపు నుంచి చెయ్యి లేచింది, ఆ అన్న అడగండి... ఆఁ, పిల్లలు శనివారం లేటుగా ఇంటికి వస్తే పశువులను ఎవరు చూడాలి అంటున్నారు. న్యాయమే అన్నా. క్లబ్ బడి వేళల్లోనే, చివరి రెండు పీరియడ్లలోనే పెట్టుకోవాలి, లాంగ్ బెల్ కొట్టాక ఒక్క పిల్లను కూడా ఆపొద్దు. హెడ్మాస్టర్లు రాసుకోండి.

టీ వచ్చిందట, మిగతావి అక్కడ మాట్లాడుకుందాం.